అచ్చులో మిగిలిన మాట

లాండ్రీ వెనక, ఇస్త్రీ గది నుంచి

చిట్టీ,

నువ్వు క్షేమం, నేను క్షేమం, ఆ ముచ్చట్లు తర్వాత. ముందు మీ అన్నయ్య సంగతి తేల్చు.

ఆ మనిషి ఇంటికి పేపర్ మాన్పించేశాడు. నన్ను అడగలేదు, నాతో అనలేదు. పేపర్ రావడం లేదేమిటా అని పేపరతన్ని వీధి మలుపులో పట్టుకుని నిలదీస్తే "సారే వద్దన్నారమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి అడిగాను. మీ అన్నయ్య ఫోన్లోంచి తలెత్తకుండా "ఈ రోజుల్లో పేపర్ ఎవరు చదువుతున్నారు? అన్నీ ఇందులోనే వస్తుంటే" అన్నాడు. ఎవరన్నారే ఈ మాట? పెళ్ళయిన కొత్తలో పేపర్ పరిచి దానిమీద కూరగాయలు తరిగానని నాతో పూటంతా మాట్లాడని మనిషి!

ఇక్కడ నా పరిస్థితి నీకు తెలుసు కదా. ఆయన చదివి మడిచిన పేపర్ సంచిలో వేసుకుని వస్తాను. అన్నాల వేళ ఇస్త్రీ పెట్టెలు పక్కన పెట్టి, డబ్బాలు తెరిచి, అందరూ నా చుట్టూ చేరతారు. నేను పైకి చదువుతాను. వాళ్ళకి చదువు రాక కాదు. "నువ్వు చదివితే ఎక్కడో జరిగిన దొంగతనం కూడా మన వీధిలోనే జరిగినట్టుంటుంది" అంటారు. బట్టల కోసం వచ్చినవాళ్ళు కూడా బెంచీ మీద కూర్చుని వింటారు. మీ అన్నయ్య పనిచేసే నీళ్ళ ట్యాంకు సూపరింటెండెంటుగారి బట్టలు మా దగ్గరికే వస్తాయి. ఆయన డ్రైవరైతే చొక్కాలు చేతికిచ్చినా కదలడు, సినిమా పేజీ అయ్యేదాకా. ఇప్పుడు వాళ్ళందరి ముందూ ఉత్త చేతులతో కూర్చుంటున్నాను.

నాకేదో అనుమానంగా ఉంది. ఆయన్నే అడిగితే నిజం చెబుతాడా? ఆయన రోజూ అనే మాటే కదా, తాగినవాణ్ణి కాదు, కుండ కడిగినవాణ్ణి అడుగు అని. మీ అమ్మగారి మాట. ఆవిడ పోయాక ఆయన నోట్లో మిగిలింది, ఆయన నుంచి నాకంటింది. ఇక్కడ నేను "మా ఆయన అన్నట్టు" అని మొదలుపెడితే చాలు, గది గదంతా మిగతా ముక్క అందుకుంటుంది. ఆ మనిషితో పాటు పుట్టి పెరిగినదానివి నువ్వు. అందుకే నిన్నడుగుతున్నాను. ఆ పేపర్లో నా కంట పడకూడనిది ఏముందో చూసి రాయి.

జవాబు ఇంటికి కాదు, లాండ్రీకే రాయి.

వదిన

•

మందుల షాపు కౌంటరు నుంచి

వదినా,

నీ ఉత్తరం చదివి నేను ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే, దగ్గు మందు కోసం వచ్చినావిడ నాకే ఏదో మందు కావాలన్నట్టు చూసింది. అన్నయ్యని అనుమానిస్తున్నావా? చిన్నప్పుడు బెల్లం దొంగిలించి, మూతికి అంటిన బెల్లంతోనే అమ్మ దగ్గరికి వెళ్ళి "నేను తినలేదు" అన్న మహానుభావుడు వాడు. వాడు నీ దగ్గర దాచగలిగింది ఏముంటుంది?

అయినా వాడన్నదాంట్లో తప్పేముంది? పేపరంటే నిన్నటి అన్నం లాంటిది. రాత్రే వండేసి పొద్దున పెడతారు. ఫోన్లో అయితే వేడివేడిగా ఎప్పటిదప్పుడు. నేను పేపర్ ముట్టుకుని ఎన్నాళ్ళయిందో. మాత్రల అట్టలు సర్దుకుంటూనే లోకమంతా చుట్టి వస్తాను.

నీ మాట కాదనలేక మీ ఊరి వార్తలన్నీ వెనక్కి వెళ్ళి మరీ చదివాను. రోడ్డు గుంతలు, కొత్త బస్సులు, ఎవరిదో సన్మానం. మీ ట్యాంకు గురించి మాత్రం ఒకటి పెద్దగా వచ్చింది. నెలల తరబడి కడక్కుండానే కడిగినట్టు రాసేసుకున్నారట. పిల్లలకి కామెర్లు రావడం అందుకేనట. పేరు చెప్పని ఉద్యోగి ఒకాయన బయటపెట్టాడట. ఎవరోగానీ గుండెగల మనిషి. అన్నయ్య అక్కడే కదా, వాడికి తెలిసే ఉంటుంది, అడుగు. మీరు మాత్రం నీళ్ళు కాచుకుని తాగండి.

ఇంతకుమించి ఏమీ లేదు తల్లీ. పేపర్ ఏ రోజు నుంచి ఆగిందో చెబితే ఆ రోజుది ఇంకోసారి చూస్తాను.

చిట్టి

•

ఇస్త్రీ గది నుంచి

చిట్టీ,

నవ్వు, నవ్వు. నవ్వేవాళ్ళకేం, పడేవాళ్ళకి తెలుస్తుంది.

మొదటి ఉత్తరంలో నీకొకటి రాయలేదు. సిగ్గేసింది. ఏ రోజు అన్నావు కదా, గురువారం. ఆ పొద్దున ఆయన నాకంటే ముందు లేచి గేటు దగ్గర నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పేపర్ అందుకున్నాడు. అక్కడే విప్పి ఒక పేజీ చదివాడు. మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. లోపలికొచ్చి "ఇవాళ పేపర్ రాలేదు" అన్నాడు. చొక్కా కింద కాగితం కరకరమంటుంటే రాలేదన్నాడే! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. ఎంతదూరం పోతాడో చూద్దామని నేనేమీ అనలేదు. పోయినవాడు పోయి పోయి పేపరే మాన్పించాడు.

ఇంకా విను. ఆ సాయంత్రం నేను అడక్కుండానే ఫోన్ నా మొహం ముందు పెట్టి ఆ రోజు వార్తలన్నీ చూపించాడు. ట్యాంకు వార్త కూడా. "చదువు, చూశావుగా, ఏమీ లేదు" అన్నాడు. ఉందని నేనన్నానా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు! అప్పటి నుంచీ ఫోన్ మోగితే పెరట్లోకి వెళ్తున్నాడు. ట్యాంకు గురించి అడిగితే "మనకెందుకు" అంటున్నాడు. అన్నం కెలుకుతున్నాడు గానీ తినడం లేదు.

నేను అనుకోనిది లేదు. అప్పు చేశాడా? ఇల్లు వేలానికి వచ్చిందా? ఎవరిదైనా ఫోటో ఉందా ఆ పేజీలో? ఈ వయసులో ఇంకో ఆవిడేమిటని నువ్వనుకోవచ్చు. మా దగ్గరికొచ్చే చొక్కాల కాలర్లు చూస్తే వయసు మీద నమ్మకం పోతుంది. నవ్వకు. నాకు ఏడుపొస్తోంది.

నువ్వు ఫోన్లో చూశానంటున్నావు. నాకూ ఆయన ఫోన్లోనే చూపించాడు. ఫోన్లో చెరిపేస్తే మరక కూడా ఉండదు. కాగితం అలా కాదు. మరకలతో బతికేదాన్ని, నాకు తెలుసు, ఎంత ఉతికినా ఎండకి పట్టి చూస్తే ఆనవాలు కనిపిస్తుంది. మీ ఊరికీ ఈ పత్రికే వస్తుంది కదా. ఆ గురువారం పేపర్ ఎక్కడైనా సంపాదించి పంపు. దాని ముందురోజువీ, తర్వాతివీ కూడా పంపు.

నీకు దణ్ణం పెడతాను.

వదిన

•

మందుల షాపు నుంచి

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. మీరు కులాసా అని తలుస్తాను.

మీరడిగిన పేపర్ల కోసం మా వీధి చివర రీడింగ్ రూంకి వెళ్ళాను. దొరికినవి కట్టగట్టి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. గురువారానిది మాత్రం దొరకలేదు. ఎవరో పట్టుకుపోయారట. దాంట్లోనూ ఏమీ ఉండి ఉండదు. అనవసరంగా మనసు పాడుచేసుకోకండి. అన్నయ్య బంగారం లాంటి మనిషి. ఉద్యోగంలో పని ఎక్కువై అలా ఉంటున్నాడేమో. ఈ పూటకి వాణ్ణేమీ అడక్కుండా వదిలెయ్యండి.

ఒక్క మాట. మీరు అన్నాల వేళ గట్టిగా చదవడం, మాట్లాడటం కొన్నాళ్ళు తగ్గిస్తే మంచిదేమో. గొంతుకి విశ్రాంతి. మందుల షాపు దాన్ని కదా, చెబుతున్నాను. సామెతలూ అవీ కూడా ఎక్కువ వాడకండి.

ఉంటాను.

చిట్టి

•

ఇస్త్రీ గది నుంచి

ఏమే, ఎవరే నువ్వు?

ఈ ఉత్తరం రాసిన గారూ, మీరూ, కండీ ఎవరు? పెళ్ళిపీటల మీద నా జడ లాగి పారిపోయినదానివి, ఇన్నేళ్ళలో ఒక్కసారి నన్ను మీరు అన్నావా? "వదినగారికి నమస్కారాలు" చూడగానే కింద సంతకం నీదేనా అని మళ్ళీ చూసుకున్నాను. మర్యాద ఎక్కువైతే మతలబు ఉన్నట్టే. నీకు తెలిసిపోయింది. తెలిసి దాస్తున్నావు. ఎంతైనా ఒక కడుపున పుట్టినవాళ్ళు కదా, మధ్యలో వచ్చినదాన్ని నేనే.

నువ్వు పంపిన కట్టలో బుధవారం ఉంది, శుక్రవారం ఉంది. గురువారం లేదు. సరే అని ఇక్కడే వెతికాను. ఇస్త్రీ చేసిన బట్టలు చుట్టడానికి మేము పాత పేపర్లు కొంటాం, నీకు తెలుసు. మూలన గుట్ట ఉంటుంది. అందరూ అన్నాలకి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆ గుట్టంతా తిరగేశాను. అన్ని రోజులవీ ఉన్నాయి, గురువారానిది ఒక్క కాగితం లేదు! ఎన్ని ఇళ్ళ నుంచి వచ్చిన పేపర్లవి! అన్ని ఇళ్ళలోనూ మీ అన్నయ్యే దూరాడా?

ఈ గది కూడా మునుపటిలా లేదు. నేను రాగానే మాటలు ఆగిపోతున్నాయి. నిన్న ఏం జరిగిందో రాస్తాను, నువ్వే చెప్పు నాకు పిచ్చో వాళ్ళకి పిచ్చో.

సూపరింటెండెంటుగారి డ్రైవర్ వచ్చాడు. చొక్కాలు తీసుకోలేదు, సినిమా పేజీ అడగలేదు. బెంచీ మీద కూర్చుని, తీరుబడిగా, "ఇక్కడ ఎవరో కుండ సామెత చెబుతారు కదమ్మా, కడిగినవాడు, తాగినవాడు అని. సినిమా పేజీ ధ్యాసలో సరిగ్గా పట్టించుకోలేదు. ఎవరి మాట అది?" అన్నాడు. నాకు ముచ్చటేసింది. "మా..." అన్నాను. అంతే, ఇంకో అక్షరం రాలేదు, గంజి కలిపే ఆవిడ నా కాలు తొక్కేసింది. అదే క్షణంలో కౌంటర్లో రసీదులు రాసే ఆవిడ, మేమందరం రసీదమ్మ అంటాం, "అదా, మా అమ్మమ్మ మాట" అంది. గుండీలు కుట్టే పిల్ల "మా అమ్మమ్మా అనేది" అంది. గంజి ఆవిడ నా కాలు మీదే నిలబడి "మా వైపు అందరూ అంటారయ్యా, మీ వైపు అనరా?" అని అతన్నే ఎదురడిగింది. డ్రైవర్ అందరి మొహాలూ ఒకసారి చూసి చొక్కాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

మా అత్తగారి మాటని నా కళ్ళ ముందే వాటాలేసుకున్నారు చిట్టీ! అప్పటి నుంచీ వచ్చే పోయే ప్రతివాళ్ళకీ అదే చెబుతున్నారు. మరక పోలేదని ఎవరైనా అంటే చాలు, "తాగినవాణ్ణి కాదు" అని మొదలు. నేను నోరెత్తితే మాత్రం "నువ్వు ఊరుకో" అంటున్నారు.

నాకు ఇంట్లో మొగుడు కాడు, బయట స్నేహితులు కారు, చివరికి నువ్వూ కావు. గురువారం పేపర్లో ఏముందో రాస్తావా, బస్సెక్కి నీ షాపుకి రమ్మంటావా?

•

మందుల షాపు వెనక గది నుంచి

వదినా,

రాకు. రాస్తున్నాను. చదివి చింపి బాయిలర్లో పడెయ్.

గురువారం పేపర్ దొరకలేదని అబద్ధం చెప్పాను. రీడింగ్ రూంలో కర్రకి గుచ్చి ఉంది. ట్యాంకు వార్తే అది, నేను ఫోన్లో చదివిందే, అక్షరం మారలేదు. ఒక్క చోట తప్ప. కాగితంలో ఆఖర్న ఇలా ఉంది:

"పేరు చెప్పడానికి ఇష్టపడని ఉద్యోగి ఒకరు మాట్లాడుతూ, ట్యాంకు ఎప్పుడు కడిగారో ఆఫీసుని అడిగితే ఏం తెలుస్తుంది, తాగినవాణ్ణి కాదు, కుండ కడిగినవాణ్ణి అడగండి, నేను కడగలేదు, నన్ను కడగనివ్వలేదు అన్నారు."

వదినా, నాకు అక్కడే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ గొంతు వినిపించింది. ఫోన్ తీసి పక్కన పెట్టి చూశాను. ఫోన్లో "ఉద్యోగి ఒకరు బయటపెట్టారు" అని ఆపేశారు, ఆ మాటలు లేవు.

షాపు మూసేసి అన్నయ్యకి ఫోన్ చేశాను. ఏడ్చాడు. పసిపిల్లలు పడిపోతుంటే చూడలేక ఆ విలేకరికి చెప్పాడట. మాటల్లో అలవాటుగా అమ్మ మాట వచ్చేసిందట. ఆయన బాగుందని అలాగే అచ్చేశాడు. గురువారం పొద్దున గేటు దగ్గర చూసుకుని గబగబా చొక్కాలో దాచేశాడట. విలేకరిని బతిమాలితే ఫోన్లో ఆ ముక్క మధ్యాహ్నానికల్లా తీసేశాడు. కాగితాన్ని ఏం చేస్తాడు? అప్పటికే ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళిపోయింది. చెప్పింది ఎవరో సూపరింటెండెంటు వెతుకుతున్నాడు. తెలిసిన రోజు అన్నయ్య ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పోతే అదృష్టమే. తప్పుడు రాతలన్నీ వాడి మెడకే చుడతారు, కడగాల్సినవాడు వాడే కనక.

నువ్వు రోజూ "మా ఆయన అన్నట్టు" అంటావని, ఆ డ్రైవర్ వింటాడని వాడికి తెలుసు. ఆ వార్త నీ చేతిలో పడితే నువ్వు ఆ గదిలో గొంతెత్తి చదువుతావు. చదువుతుండగానే నీ మొహం చెప్పేస్తుంది. అందుకే పేపర్ మాన్పించాడు.

"వదినకి చెప్పెయ్యరా" అన్నాను. "అమ్మో, దాని నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాడు. ఇది రాయకూడదనుకున్నాను. కానీ ఇంకో అబద్ధం రాయలేను. నేనూ నీ దగ్గర దాచాను, వాడన్నది నమ్మే దాచాను. నన్ను తిట్టు. వాణ్ణి మాత్రం కాపాడు.

నీ చిట్టి

•

ఇస్త్రీ గది నుంచి

చిట్టీ,

నీ ఉత్తరం బాయిలర్లో పడేశాను. కాలేదాకా అక్కడే నిలబడ్డాను.

ముందు కోపం చెబుతాను, తర్వాత మిగతాది. నువ్వుగింజ నానదా? ఆయన జీతం ఆగిన నెలల్లో ఇల్లెలా నడిచిందో మా పుట్టింటికి తెలుసా? మీ అమ్మగారు ఆఖరి రోజుల్లో నాతో చెప్పుకున్నవి నీకైనా తెలుసా? నేను పేపర్లో దొంగతనాలు గట్టిగా చదువుతాను గానీ ఇంట్లో బాధలు చదవను. ఇంకో ఆవిడ ఉన్నా ఇంత నొప్పి ఉండేది కాదేమో. ఉండేదిలే. అయినా చాలా నొప్పి పెట్టింది.

కళ్ళు తుడుచుకుని రసీదమ్మ దగ్గరికి వెళ్ళాను. "గురువారం పేపర్లు ఎక్కడ పెట్టారు?" అన్నాను. ఆవిడ నా మొహం చూసింది. చూడగానే తెలిసిపోయింది ఆవిడకి. నన్ను నా ఇస్త్రీ బల్ల దగ్గరికి తీసుకొచ్చి, పైన పరిచిన దుప్పటి అంచు ఎత్తింది. దాని కింద పేపర్లు. అన్నీ గురువారానివే. గుట్టలోకి వచ్చినవి వచ్చినట్టు ఏరి అక్కడ పరిచేశారట. సూపరింటెండెంటు చొక్కాలకే ఆ కాగితం చుట్టి పంపితే ఇంకేమన్నా ఉందా! ఇన్నాళ్ళూ నేను దానిమీదే ఇస్త్రీ చేస్తున్నాను.

"మా ఇంటికీ పేపర్ వస్తుంది కదా" అంది రసీదమ్మ. "ఆ పొద్దున చదవగానే నీ గొంతు వినిపించింది. ఇక్కడికొచ్చి చూస్తే వీళ్ళందరికీ తెలుసు. ఈ సంగతి నీకు తెలిసి ఊరుకుంటున్నావో, అసలు తెలియదో అర్థం కాలేదు. తెలియకపోతే తెలియకుండానే ఉండనిద్దాం అనుకున్నాం."

"మరి ఆ మాటని ఎందుకు పంచుకున్నారు?" అన్నాను.

"ఒక్కరి మాటైతే పట్టుకుంటారు, ఊరందరి మాటైతే ఎవర్ని పట్టుకుంటారు? అందుకే దొరికినవాళ్ళందరికీ చెబుతున్నాం. నా మనవడు కామెర్లతో పడి లేచాడు. ఆ మాట అన్న మనిషి పేరు మా నోటెంట వస్తుందనుకున్నావా?"

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. గుండీల పిల్ల నీళ్ళు తెచ్చిచ్చింది. కాచిన నీళ్ళే.

నిన్న మళ్ళీ డ్రైవర్ వచ్చాడు. చొక్కా కాలర్ మీద మరక అలాగే ఉందని గొడవ. "మమ్మల్నంటే ఏం లాభం, మీ సార్ ఏం తిన్నారో ఆయన్నే అడుగు" అన్నాను. అతను విసుక్కుంటూ "ఆయన్ని అడిగితే ఏం తెలుస్తుందమ్మా? తాగినవాణ్ణి కాదు, కడిగినవాణ్ణి అడగాలి" అన్నాడు! అన్నాక తనే ఆగిపోయాడు. గది గదంతా తలలు వంచుకుని ఇస్త్రీ చేసేసింది. ఎవరూ నవ్వలేదు, ఎలా ఆపుకున్నామో మాకే తెలియదు.

మీ అన్నయ్యకి నేనేమీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు, ఒట్టు. పేపర్ మళ్ళీ వేయమని చెప్పాను. మొదటి రోజు గేటు దగ్గర పేపర్ చూసి తెల్లబోయాడు. "మళ్ళీ ఎందుకు?" అన్నాడు. "ఫోన్లో కూరగాయలు తరుక్కోలేను" అన్నాను.

ఇవాళ సాయంత్రం ఆయన ఒళ్ళంతా పాచి వాసనతో వచ్చాడు. పై ఆఫీసు నుంచి ఎవరో పెద్దవాళ్ళు వచ్చి నిలబడి మరీ ట్యాంకు కడిగిస్తున్నారట. చొక్కా నిండా పచ్చటి బురద.

"ఏమిటిది?" అన్నాను.

"కాలు జారింది" అన్నాడు.

"ఓహో" అన్నాను.

అన్నం మాత్రం కడుపు నిండా తిన్నాడు. తింటూ నావైపు రెండుసార్లు చూసి, "ఈ మధ్య ఎవరి నోట విన్నా అమ్మ మాటే వినిపిస్తోందేమిటి?" అన్నాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది చిట్టీ, అన్నీ వచ్చాయి. కూర వడ్డించి, "ఏ మాట?" అన్నాను.

ఆయన ఇంకో ముద్ద కలుపుకుని "ఏం లేదులే" అన్నాడు.

నువ్వుగింజ నానుతోందే. ఎప్పుడైనా ఆయన ఫోన్ చేస్తే, మీ వదిన ఎలా ఉంది అని ఒక్కసారి అడిగి చూడు.

వదిన